కీ విడుదల కాని పరీక్ష

తెలుగు విద్యార్థికి పరీక్ష రాయడం చిన్నప్పటి నుంచే అలవాటు. పరీక్షయ్యాక కీ వస్తుంది. దాన్ని పక్కన పెట్టుకుని మార్కులు లెక్కేసుకుంటాడు, పోయినేడాది ర్యాంకులతో పోల్చుకుంటాడు, ఏ కాలేజీలో సీటొస్తుందో కౌన్సెలింగ్‌కు ముందే ఇంట్లో చెప్పేస్తాడు. పీజీ, పీహెచ్‌డీ చదువుల గుమ్మంలో ఎదురయ్యే ఇంటర్వ్యూకి మాత్రం కీ ఉండదు. ఏ జవాబుకి ఎన్ని మార్కులు వేశారో ఎవరూ చెప్పరు. ఫలితం వారానికి రావచ్చు, మూడు నెలలకు రావచ్చు, ఒక్కోసారి అసలు రాకపోనూవచ్చు. మన పిల్లలు ఇంటర్వ్యూకి ముందు కంటే ఇంటర్వ్యూ తర్వాతే ఎక్కువ నలిగిపోవడానికి కారణం ఇదే. ఇంటర్వ్యూలు దేన్ని కొలుస్తాయి, వాటికి ఎలా సిద్ధం కావాలి, ఆ తర్వాతి నిరీక్షణను ఎలా గడపాలి అన్న మూడు ప్రశ్నల మీదా ఇప్పటిదాకా తెలిసిన విషయాలను ఒక్కచోట చేర్చి చూసే ప్రయత్నం ఇది.

సల్మానియా నుంచి బయల్దేరే దారులు

ఈ ప్రశ్నలను గల్ఫ్‌లోని తెలుగు పిల్లల వైపు నుంచి చూద్దాం. సల్మానియా అంటే మనామా నగరంలో ఆసుపత్రి చుట్టూ అల్లుకున్న పేట. బహ్రెయిన్‌లోకెల్లా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి సల్మానియా మెడికల్ కాంప్లెక్స్ ఇక్కడే ఉంది. గల్ఫ్ దేశాలు కలిసి నడిపే అరేబియన్ గల్ఫ్ యూనివర్సిటీ వైద్య కళాశాలా ఇక్కడిదే. ఈ ప్రాంతంలో నర్సులుగా, టెక్నీషియన్లుగా, డాక్టర్లుగా పనిచేసే భారతీయుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. అరేబియన్ గల్ఫ్ యూనివర్సిటీ సీట్లు ప్రధానంగా గల్ఫ్ పౌరులకే కాబట్టి, ఇంటి పక్కనే వైద్య కళాశాల ఉన్నా మన పిల్లలు విమానం ఎక్కక తప్పదు. ఈసా టౌన్‌లో 1950 నాటి ఇండియన్ స్కూల్‌లోనో మరో బడిలోనో ప్లస్ టూ పూర్తిచేసి హైదరాబాద్‌కో, విజయవాడకో, జార్జియాకో వెళ్తారు. డిగ్రీ అయ్యాక మళ్లీ సీపీఆర్ (బహ్రెయిన్ గుర్తింపు) కార్డు ఉన్న ఇంటికే చేరి, తర్వాతి చదువుకు ఇక్కడి నుంచే దరఖాస్తులు పెడతారు.

వాళ్ల ముందున్న దారులన్నీ ఒకలాంటివి కావు. ఇండియాలో నీట్ పీజీకి ఇంటర్వ్యూ లేదు, ర్యాంకూ కౌన్సెలింగే అంతా. అమెరికాలో రెసిడెన్సీ కావాలంటే ఇంటర్వ్యూ లేకుండా కుదరదు. ఇండియాలో పీహెచ్‌డీకి రాతపరీక్షతో పాటు ఇంటర్వ్యూ ఉంటుంది. 2024లో యూజీసీ చేసిన మార్పు ప్రకారం జేఆర్ఎఫ్ రాకుండా నెట్ ద్వారా పీహెచ్‌డీకి అర్హత పొందినవాళ్లకు నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. మేనేజ్‌మెంట్ వైపు వెళ్తే హైదరాబాద్ ఐఎస్‌బీ, విశాఖ ఐఐఎం లాంటి చోట్ల ప్యానెల్ ముందు కూర్చోవాలి. అమెరికాలో ఎంఎస్ సీటు సాధారణంగా ఇంటర్వ్యూ లేకుండానే వస్తుంది కానీ, అసలు ఇంటర్వ్యూ వీసా కిటికీ దగ్గర ఎదురవుతుంది. మనం ఏ దారిలో ఉన్నామో ముందు తేల్చుకుంటే సగం గందరగోళం తగ్గుతుంది. ఎందుకంటే ఒక దారికి పనికొచ్చే సలహా ఇంకో దారిలో హాని చేస్తుంది.

ఇంటర్వ్యూ దేన్ని కొలుస్తుంది?

ఇంటర్వ్యూల మీద మన నేలలో అనుమానం పాతదే. ముఖం చూసి, ఊరు చూసి, సిఫారసు చూసి మార్కులు వేస్తారన్న భయం అందరికీ ఉంది. తెలంగాణలో 2022లో గ్రూప్-1 నోటిఫికేషన్‌ను ఇంటర్వ్యూ లేకుండానే ఇచ్చారు. ఆ అనుమానానికి పరిశోధనలోనూ ఆధారం దొరుకుతుంది. 1979లో హ్యూస్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ వైద్య కళాశాల ఇంటర్వ్యూలు పెట్టి 150 మందిని చేర్చుకుంది. తర్వాత మరో 50 సీట్లు నింపమని రాష్ట్ర శాసనసభ ఆదేశించింది. అప్పటికి మిగిలింది ఇంటర్వ్యూ జాబితా అడుగున ఉన్నవాళ్లే. వాళ్లనే తీసుకున్నారు. చదువులోనూ వార్డుల్లోనూ ఆ 50 మందికీ మొదటి 150 మందికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 1987లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించారు. ఎంతో నమ్మకంతో వేసిన ఇంటర్వ్యూ ర్యాంకులు ఆ తర్వాతి ఏళ్ల గురించి పెద్దగా ఏమీ చెప్పలేకపోయాయన్నమాట.

అలాగని ఇంటర్వ్యూలన్నీ దండగ అనుకోవడం తప్పు. ఎవరికి తోచింది వాళ్లు అడిగే పిచ్చాపాటీ ఇంటర్వ్యూ కంటే, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి ముందే రాసుకున్న ప్రమాణాలతో మార్కులు వేసేది మెరుగ్గా అంచనా వేస్తుందని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ ఈ ఆలోచనను ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది. ఒకే ప్యానెల్ ముందు అరగంట కూర్చోబెట్టే బదులు అభ్యర్థిని వరసగా చిన్నచిన్న గదులకు పంపి, ఒక్కో గదిలో ఒక్కో సన్నివేశం, ఒక్కో పరీక్షకుడు ఉండేలా ఏర్పాటు చేశారు. 2004లో వెలువడిన ఈ మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ పద్ధతి ఇప్పుడు ఎన్నో దేశాల వైద్య కళాశాలలకు పాకింది. ఇందులోని తర్కం తేలిక. ఒక పరీక్షకుడికి నచ్చకపోయినా మిగతా గదుల్లో అవకాశం ఉంటుంది. ఒకరి ఇష్టాయిష్టాల మీద మొత్తం జీవితం ఆధారపడదు.

సల్మానియావాళ్లకు ఇందులో దగ్గరి పోలిక ఒకటి కనిపిస్తుంది. ఒక కేసు చుట్టూ చిన్న బృందం కూర్చుని చర్చిస్తూ నేర్చుకునే పద్ధతి 1960ల చివర్లో మెక్‌మాస్టర్‌లోనే మొదలైంది. అరేబియన్ గల్ఫ్ యూనివర్సిటీ 1980ల నుంచి వైద్యాన్ని ఆ పద్ధతిలోనే బోధిస్తోంది. ఆ తరగతిలో ట్యూటర్ చూసేది విద్యార్థి ఎంత బట్టీ పట్టాడన్నది కాదు. తెలిసిన దాని నుంచి తెలియని దానికి ఎలా అడుగేస్తున్నాడు, పక్కవాడి మాట వింటున్నాడా లేదా, తప్పు తేలినప్పుడు దారి మార్చుకుంటున్నాడా అన్నవి చూస్తారు. మంచి ఇంటర్వ్యూ ప్యానెల్ చూసేదీ ఇవే. బహుళైచ్ఛిక ప్రశ్నల మీద పెరిగిన మన పిల్లలు కొత్తగా అలవరచుకోవలసింది ఇలా పైకి చెబుతూ ఆలోచించడమే.

తయారీలో పనికొచ్చేవి

ఇంటర్వ్యూ ప్రశ్నల పుస్తకం కొనే ముందు చదవాల్సింది సొంత దరఖాస్తు. అందులో రాసిన ప్రతి వాక్యం మీదా ప్రశ్న రావచ్చు. సీసీఎంబీలోనో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో పీహెచ్‌డీ ప్యానెల్ ముందు కూర్చున్న విద్యార్థిని ఎక్కువగా అడిగేది ఎంఎస్సీలో చేసిన ప్రాజెక్టు గురించే. ఆ పద్ధతే ఎందుకు ఎంచుకున్నావు, కంట్రోల్ ఏమిటి, ఫలితం తారుమారైతే ఏం చేసి ఉండేవాడివి, ఏ ప్రయోగం కుదరలేదు, ఎందుకు? వీటికి జవాబు పని చేసినవాళ్లకే తెలుస్తుంది. కన్సల్టెన్సీ రాసిచ్చిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అక్కడే బయటపడుతుంది. ఇతరులు అందంగా రాసిపెట్టిన వాక్యాన్ని ప్రశ్నల ముందు మోయడం ఎవరి వల్లా కాదు.

మన పిల్లలకు వినయం ఎక్కువ. బృందం చేసిన పనిలో తన వాటా ఏమిటో చెప్పడానికి మొహమాటపడతారు. అది గొప్పలు చెప్పుకోవడం అనుకుంటారు. ప్యానెల్‌కి కావలసింది మాత్రం ఆ వాటానే. రోగుల వివరాలు సేకరించింది నేను, లెక్కలు చేసింది నా స్నేహితురాలు అని ఉన్నదున్నట్టు చెబితే సరిపోతుంది. అందులో గొప్ప లేదు, దాపరికమూ లేదు.

ఏ ప్రశ్నకైనా వాడుకోగల సొంత అనుభవాలు నాలుగైదు సిద్ధంగా ఉండాలి. ఒక కష్టమైన రోగి, ఒక వైఫల్యం, సీనియర్‌తో వచ్చిన ఒక భేదాభిప్రాయం, ఒకరికి చేసిన సాయం, మనసు మార్చుకున్న ఒక సందర్భం. వాటిని కంఠస్థం చేయకూడదు. ఏం జరిగింది, నేనేం చేశాను, ఏం తేలింది, ఇప్పుడైతే ఏం చేస్తాను అన్న నాలుగు మెట్లు గుర్తుంటే చాలు. రెండు నిమిషాలకు మించకుండా పైకి చెప్పి, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినాలి. మొదటిసారి వినడం ఎవరికైనా ఇబ్బందే. ఆ ఇబ్బంది గడిచాకే మాట కుదురుతుంది. ఇంట్లోవాళ్లతో చేసే సాధన కంటే, మన సంగతి తెలియని ఒక డాక్టరో లెక్చరరో వేసే ప్రశ్నలు ఎక్కువ మేలు చేస్తాయి. తెలియనిదానికి తెలియదని చెప్పి, ఎలా తెలుసుకుంటారో చెప్పడం కూడా జవాబే. చదువు మధ్యలో ఖాళీ ఏళ్లుంటే కారణాన్ని రెండు వాక్యాల్లో నిజాయితీగా చెప్పి ముందుకు సాగాలి. సంజాయిషీ ఎంత సాగదీస్తే అనుమానం అంత పెరుగుతుంది.

అమెరికా రెసిడెన్సీ విషయంలో కాలం తెచ్చిన రెండు మార్పులు గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ముఖ్యం. 2020లో కోవిడ్‌తో ఇంటర్వ్యూలు వీడియోలోకి మారాయి, ఆ తర్వాత కూడా చాలా ప్రోగ్రాములు అలాగే కొనసాగించాయి. అంతకుముందు అమెరికాలో ఊరూరూ తిరగడానికి అయ్యే టిక్కెట్ల, హోటళ్ల ఖర్చు ఇప్పుడు మనామాలోని ఇంట్లో కూర్చున్నవాళ్లకు తప్పింది. రెండోది, 2022 జనవరి నుంచి యూఎస్‌ఎంఎల్‌ఈ స్టెప్-1 కేవలం పాస్, ఫెయిల్ పరీక్షగా మారింది. ఒక అంకె తగ్గితే మిగతావాటి బరువు పెరుగుతుంది. ఇంటర్వ్యూకి పిలిచాక ర్యాంకు ఇవ్వడానికి తాము ఎక్కువగా చూసేది ఇంటర్వ్యూలో జరిగిన సంభాషణనే అని ప్రోగ్రాం డైరెక్టర్లు సర్వేల్లో చెబుతున్నారు. కాలభేదాన్ని మాత్రం మరవకూడదు. చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనామాలో సాయంత్రం 5. కాలిఫోర్నియాలో మధ్యాహ్నం ఒంటిగంట అంటే ఇక్కడ అర్ధరాత్రి. పగలంతా డ్యూటీ చేసి అర్ధరాత్రి కెమెరా ముందు కూర్చుంటే మాట తడబడుతుంది. ఆ రోజుకు సెలవు అడగడం కూడా తయారీలో భాగమే.

వీసా ఇంటర్వ్యూ వీటన్నిటికీ భిన్నం. అక్కడ సమయం కొద్ది నిమిషాలే. ఏ కోర్సు, ఆ కాలేజీయే ఎందుకు, డబ్బు ఎక్కడిది, చదువయ్యాక ఏం చేస్తావు అన్నవాటికి సూటిగా రెండేసి వాక్యాల్లో చెప్పాలి. 2008కి ముందు తెలుగు విద్యార్థులు దీనికోసం చెన్నై వెళ్లేవాళ్లు. ఆ ఏడాది హైదరాబాద్‌లో కాన్సులేట్ తెరిచారు. సొంత దేశంలో గానీ నివసిస్తున్న దేశంలో గానీ మాత్రమే ఇంటర్వ్యూకి వెళ్లాలని 2025 సెప్టెంబరులో అమెరికా ప్రకటించింది. కాబట్టి బహ్రెయిన్‌లో ఉంటున్నవాళ్లు సల్మానియాకు దగ్గర్లోని జింజ్‌లో ఉన్న రాయబార కార్యాలయాన్నే నమ్ముకోవాలి, లేదా ఇండియా వెళ్లాలి. స్లాట్ త్వరగా దొరుకుతుందని మూడో దేశానికి వెళ్లే వీలు ఇప్పుడు లేదు.

మౌనం వెనక ఏం జరుగుతుంది?

నిరీక్షణలో మనిషిని తినేది ఆలస్యం కంటే, ఆ ఆలస్యానికి మనం ఊహించుకునే అర్థం. ఇంటర్వ్యూ బాగా చేసిన విద్యార్థి కూడా రెండు వారాలు మెయిల్ రాకపోతే తిరస్కరించారనే నిర్ణయానికి వచ్చేస్తాడు. వ్యవస్థ ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ తొందరపాటు తగ్గుతుంది.

అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్లలో చాలావాటి మధ్య ఒక ఒప్పందం ఉంది. ఆర్థిక సాయంతో సీటొచ్చిన విద్యార్థి ఏప్రిల్ 15 వరకు జవాబు చెప్పనక్కర్లేదు. మొదటి విడతలో సీటొచ్చిన విద్యార్థి నాలుగు చోట్ల సీట్లు పట్టుకుని ఏప్రిల్ దాకా ఆలోచిస్తే, ఆ వెనక ఉన్నవాళ్లు అప్పటిదాకా ఆగాల్సిందే. మార్చిలో వచ్చిన మౌనం చాలాసార్లు తిరస్కారం కాదు, ఎవరో ఇంకా తేల్చుకోలేదని అర్థం. అందుకే మనకు అక్కర్లేని సీటును త్వరగా వదిలేయడం ధర్మం. మనం పంపే ఒక్క మెయిల్‌తో ముక్కూ మొహం తెలియని ఇంకో విద్యార్థి నిరీక్షణ ముగుస్తుంది.

అమెరికా రెసిడెన్సీ సీట్లు కేటాయించే మ్యాచ్ పద్ధతి వేరు. 1952 నుంచి నడుస్తున్న ఈ ఏర్పాటులో అభ్యర్థులూ ప్రోగ్రాములూ వేర్వేరుగా ర్యాంకుల జాబితాలు ఇస్తారు, కంప్యూటర్ వాటిని జతచేస్తుంది. అల్విన్ రోత్, ఎలియట్ పెరాన్సన్ రూపొందించిన పద్ధతి 1990ల చివరి నుంచి అభ్యర్థి ఇష్టానికే ముందు చోటిస్తుంది. ఇలాంటి జతకూర్పుల మీద చేసిన పనికి రోత్‌కు 2012లో లాయిడ్ షాప్లీతో కలిసి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇందులో విద్యార్థి తెలుసుకోవాల్సిన సారం ఒక్కటే: దక్కుతుందా లేదా అని లెక్కలేయకుండా, నిజంగా ఇష్టమైన క్రమంలోనే జాబితా ఇవ్వాలి. పెద్ద కోరికను మొదట రాసినంత మాత్రాన రెండో కోరిక చేజారదు. ఇంటర్వ్యూ తర్వాత మమ్మల్ని ఎన్నో ర్యాంకులో పెడుతున్నావని అడగడానికి ప్రోగ్రాములకు అనుమతి లేదు, అలా అడిగినా చెప్పనక్కర్లేదు. 2024, 2025 మ్యాచ్‌లలో అమెరికా పౌరులు కాని విదేశీ వైద్య పట్టభద్రుల్లో సీటు దక్కింది సుమారు 58 శాతం మందికి. మార్చి మూడో వారంలో సోమవారం సీటు వచ్చిందో లేదో తెలుస్తుంది, శుక్రవారం ఎక్కడో తెలుస్తుంది. ఆ శుక్రవారం న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండంటే మనామాలో సెలవురోజు సాయంత్రం 7 గంటలు. ఈ దారిలో తేదీ ఖాయం. అంతకుముందు మెయిల్ చూసి ప్రయోజనం లేదు.

ఇంటర్వ్యూ లేని నీట్ పీజీ దారిలో నిరీక్షణ తక్కువేమీ కాదు. 2021 సెప్టెంబరులో పరీక్ష రాసినవాళ్లకు రిజర్వేషన్ల మీద కోర్టు కేసు తేలి కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి 2022 జనవరి వచ్చింది. మధ్యలో రెసిడెంట్ డాక్టర్లు రోడ్డెక్కారు. 2024 జూన్ 23న జరగాల్సిన పరీక్షను ముందురోజు రాత్రి వాయిదా వేసి ఆగస్టు 11న పెట్టారు. అదే జూన్ 18న జరిగిన యూజీసీ నెట్‌ను మర్నాడే రద్దు చేశారు. 2025లో మే 27 నుంచి దాదాపు మూడు వారాలు అమెరికా విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ప్రపంచమంతటా ఆగిపోయాయి. వీటిలో ఒక్కటి కూడా విద్యార్థి తప్పు కాదు. వ్యవస్థ చేసిన జాప్యాన్ని మన లోపంగా మోయకూడదు.

మనసు మీద పడే బరువు

అనిశ్చితి చెడ్డ వార్త కంటే ఎక్కువ బాధిస్తుందని మన పెద్దవాళ్లకు అనుభవం మీద తెలుసు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో దీన్ని కొలిచి చూపించారు. కరెంటు షాక్ తప్పదని తెలిసినవాళ్ల కంటే, తగలొచ్చు తగలకపోవచ్చు అన్న సగం సగం స్థితిలో ఉన్నవాళ్లలోనే ఒత్తిడి ఎక్కువగా కనిపించింది.

కాలిఫోర్నియాలో మనస్తత్వ శాస్త్రవేత్త కేట్ స్వీనీ నిరీక్షణ మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడ లాయర్లకు బార్ పరీక్ష ఫలితం నాలుగు నెలలకు వస్తుంది. ఆ నాలుగు నెలలూ 230 మందిని గమనించి ఆమె బృందం 2016లో ప్రచురించిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఆశను అదుపులో పెట్టుకోవడం, ఆలోచనను అణచుకోవడం లాంటి ఉపాయాలు ఆందోళనను పెద్దగా తగ్గించలేదు. పైగా ఆందోళనపడుతూ గడిపినవాళ్లే చెడ్డ వార్తను మెరుగ్గా తట్టుకున్నారు, మంచి వార్తకు ఎక్కువ సంతోషించారు. టెన్షన్ పడకు అని పదేపదే చెప్పడం వల్ల లాభం లేదని దీన్నిబట్టి తేలుతోంది. ఆందోళన రోగం కాదు, ఫలితం ముఖ్యమని మనసు చెప్పే మాట. ఆ బృందమే తర్వాత చేసిన అధ్యయనాల్లో కొంత ఊరటనిచ్చేదిగా కనిపించింది మనిషి ఒళ్లు మరిచి మునిగిపోగల పని. వంట కావచ్చు, క్రికెట్ కావచ్చు, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం కావచ్చు. కాస్త కష్టంగా ఉండి, చేస్తున్నకొద్దీ ముందుకు సాగుతున్నట్టు తెలియాలి. ఫోన్ తిప్పుతూ కూర్చోవడం ఆ కోవలోకి రాదు.

ఆచరణలో మూడు పనులు మేలు చేస్తాయని నా నమ్మకం. ఇంటర్వ్యూ అయిన రోజే అడిగిన ప్రశ్నలు, ఇచ్చిన జవాబులు కాగితం మీద రాసి పక్కన పెట్టాలి. రాసిన విషయం బుర్రలో గిరగిరా తిరగడం తగ్గుతుంది, తర్వాతి ఇంటర్వ్యూకి పనికొస్తుంది. మెయిల్ చూడటానికి రోజుకో వేళ పెట్టుకోవాలి. ఫలితం రాకముందే రెండో దారి మొదలుపెట్టాలి. మరో దరఖాస్తో, ఒక రీసెర్చ్ అసిస్టెంట్ పనో, వచ్చే ఏడాది పరీక్షో. రెండో దారి ఉన్నవాళ్లు మొదటిదాన్ని ప్రాణం మీదకు తెచ్చుకోరు. వెయిటింగ్ లిస్టులో ఉంటే, ఇంకా ఆసక్తి ఉందనీ ఈలోగా సాధించింది ఇదనీ ఒక్కసారి మర్యాదగా రాస్తే చాలు. వారం వారం రాయడం వాళ్లనూ మనల్నీ అలసటకు గురిచేస్తుంది.

ఆందోళన నిద్రనూ తిండినీ మింగేస్తుంటే మాత్రం అది నిరీక్షణ హద్దు దాటినట్టే. అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇండియాలో ఉన్నవాళ్లు 14416 నంబరులో టెలీ మానస్‌కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లిన రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక ఫలితానికి మనం ఎంత బరువు కట్టామో ఆ ఇళ్లకు తెలుసు. ఆ బరువు మార్కులది కాదు, మన మాటలది.

ఇంటివాళ్లు, సంఘం, విద్యాసంస్థలు

గల్ఫ్ ఇంట్లో నిరీక్షణ ఒక్కరిది కాదు. తల్లి రాత్రి డ్యూటీ, తండ్రి కాంట్రాక్టు రెన్యువల్, ఊళ్లో కట్టిన ఇల్లు, తీసిన బ్యాంకు లోను అన్నీ ఆ ఒక్క మెయిల్‌తో ముడిపడి ఉంటాయి. ప్రతి శుక్రవారం ఊరినుంచి పెద్దమ్మ ఫోన్ చేసి, ఏమ్మా, ఏమైనా తెలిసిందా అని అడుగుతుంది. ప్రేమతోనే అడుగుతుంది. ఆ ప్రశ్న ప్రతివారం వింటే మాత్రం బిడ్డకు అది లెక్క చెప్పమన్నట్టే ఉంటుంది. ఫలితం ఎప్పుడొస్తుందో తేదీతో సహా అందరికీ ఒక్కసారి చెప్పేసి, వచ్చినరోజు మేమే ఫోన్ చేస్తామనే బాధ్యతను తల్లిదండ్రులు తీసుకుంటే ఆ బిడ్డకు ఊపిరాడుతుంది.

సంఘాలు చేయగల పని కూడా ఉంది. బహ్రెయిన్‌లో తెలుగు కళా సమితి లాంటి సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి మనల్ని ఒక్కచోట చేరుస్తున్నాయి. సల్మానియాలోనూ చుట్టుపక్కలా పనిచేసే తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు, అధ్యాపకులు డిసెంబరులో రెండు శుక్రవారాలు కేటాయించి మాక్ ఇంటర్వ్యూలు పెడితే, ఇక్కడి పిల్లలకు ఏ కన్సల్టెన్సీ ఇవ్వలేని సాయం అందుతుంది. ఖర్చు లేదు, కావలసింది నాలుగు కుర్చీలూ నిజం చెప్పే పెద్దలూ.

విద్యాసంస్థల బాధ్యత అన్నిటికంటే పెద్దది. ఇంటర్వ్యూలో చూసే ప్రమాణాలను ముందే ప్రకటించడం, అందరికీ ఒకే తీరు ప్రశ్నలు వేయడం, ఫలితం వచ్చే తేదీని చెప్పి దానికి కట్టుబడడం, ఎంపిక కానివాళ్లకు కూడా తప్పకుండా తెలియజేయడం. వీటిలో డబ్బుతో పనున్నది ఏదీ లేదు. తేదీ ఖాయంగా ఉంటే లక్షల మంది అంత పెద్ద నిరీక్షణను కూడా భరించగలరని మ్యాచ్ ఏడు దశాబ్దాలుగా చూపిస్తోంది. మన విశ్వవిద్యాలయాలూ పరీక్షా సంస్థలూ ఆ పని చేయకపోవడానికి సాకు కనిపించదు.

విద్యార్థికి నేను చెప్పగలిగింది ఇంత. ఇంటర్వ్యూలో నీ చేతిలో ఉన్నది నీ పనిని నువ్వు నిజాయితీగా, స్పష్టంగా చెప్పడం. నిరీక్షణలో నీ చేతిలో ఉన్నది తేదీలు తెలుసుకోవడం, రెండో దారి వేసుకోవడం, నిద్ర కాపాడుకోవడం. ఆ పైన జరిగేదానిలో కమిటీ అలసట, సీట్ల లెక్క, ఇంకెవరో వదులుకున్న అవకాశం, కోర్టు వాయిదా అన్నీ కలిసి ఉంటాయి. హ్యూస్టన్‌లో జాబితా అడుగున మిగిలిన ఆ యాభై మందీ మిగతావాళ్లతో సమానంగా చదివి డాక్టర్లయ్యారు. ఏ ప్యానెల్ నిర్ణయమైనా ఆ రోజు ఆ గదిలో తీసుకున్నదే. నువ్వేం కాగలవో చెప్పే అధికారం దానికి లేదు.